ఎవరి చేతి తెగులు

లఖన్ చొక్కా జేబులోంచి ఖైనీ డబ్బీ బయటపడేసరికి అందరి ప్రాణాలూ తెరిపినపడ్డాయి.

హేమ ప్రాణం కూడా. లేదనడానికి లేదు. పొద్దుటినుంచీ లాకర్ల ముందు వరసగా నిలబడి, ఎవరి సంచీలో ఏం దొరుకుతుందో, ఎవరి పేరు పైకొస్తుందో అని బిక్కుబిక్కుమంటున్న ఆడామగా అంతా ఒక్కసారే ఊపిరి వదిలారు. డబ్బీ చిన్నది. ఒక అరలో పొగాకు, ఇంకో అరలో సున్నం. మేనేజరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, చచ్చిన బొద్దింకను పారేసినట్టు ఓ ప్లాస్టిక్ సంచీలో పడేశాడు.

"ఏమిటిది లఖన్?" అన్నాడు హిందీలో.

"ఖైనీ సర్. బయటే వేసుకుంటాను. లోపలికి ఎప్పుడూ తీసుకెళ్లలేదు. మోచేతుల దాకా కడుక్కునే వెళ్తాను. మేడమ్‌ని అడగండి సర్."

మేడమ్ అంటే సింధు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పెద్ద చదువులు చదివి తిరిగొచ్చి ఈ గ్రీన్‌హౌస్‌లో మొక్కలకి పెద్దదిక్కయింది.  ఆ అమ్మాయి చేతిలో ఉన్న పరీక్ష పట్టీ వైపే చూస్తూ నిలబడింది. దాని మీద రెండు గీతలు పడ్డాయి. రెండు గీతలంటే తెగులు ఖాయం.

గమ్హరియాలో ఇనప ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఆ గాజు షెడ్డును బయటినుంచి చూసినవాళ్లు పూల నర్సరీ అనుకుంటారు. లోపల పెరిగేది పొగాకు జాతి మొక్క. ఎవరూ కాల్చే రకం కాదు, ఎక్కడో ఆస్ట్రేలియా బీళ్లలో మొలిచే పిచ్చి మొక్క. దాన్ని నెల పైచిలుకు పెంచి, కుండీతో సహా తలకిందులు చేసి ఒక ద్రావణంలో ముంచుతారు. చుట్టూ ఉన్న గాలిని లాగేసి మళ్లీ వదిలేసరికి ఆ ద్రావణం ఆకుల్లోకి ఎక్కుతుంది. అందులో ఉన్న సూక్ష్మజీవి ఒక కొత్త జన్యువును మోసుకెళ్లి మొక్కకి అప్పజెబుతుంది. ఓ వారం తిరిగేసరికి ఆ ఆకులోనే పాము విషాన్ని పట్టి అణిచే మందు తయారవుతుంది. ఇన్నాళ్లూ గుర్రాలకి విషం ఎక్కించి వాటి రక్తంలోంచి తీస్తున్న మందును ఆకులోంచి తియ్యాలని ఈ పాట్లన్నీ. ఇంకా మనుషుల దాకా రాలేదు. ఎలుకల మీద పరీక్షకి వెళ్లాల్సిన మొదటి పెద్ద పంట ఇది.

ఆ పంటకే తెగులొచ్చింది. ఆకులు ముడుచుకుపోయి, లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ మచ్చలతో చూడ్డానికే అసహ్యంగా తయారయ్యాయి.

"ఇది పొగాకు తెగులు," అంది సింధు పొద్దున్నే అందర్నీ కూడేసి. "గాలికి రాదు. మనిషి చేతి మీద ఎక్కి వస్తుంది. బీడీలో, ఖైనీలో, ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి చావకుండా కూర్చుంటుంది."

ఆ మాట అన్నాకే లాకర్లు తెరిపించారు.

"మేడమ్, మీరైనా చెప్పండి," అన్నాడు లఖన్ మళ్లీ.

"రేపటినుంచి రావద్దు," అన్నాడు మేనేజరు.

లఖన్ తెల్ల కోటు విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, సరైకేలా రోడ్డులో ఏదో పల్లె నుంచి సైకిలు మీద వచ్చి నీళ్ల పైపు పట్టేవాడు. మండు వేసవిలో కూడా రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కునేవాడు. కొత్త పెళ్లికూతురు గాజులేసుకుందిరోయ్ అని ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు.  ఇవాళ అతను సైకిలు నడిపించుకుంటూ గేటు దాటుతుంటే హేమకి అయ్యో అనిపించింది. అనిపించినా ఏం చేసింది గనక? లోపలికెళ్లి మిగతావాళ్లతో పాటు ముడుచుకుపోయిన మొక్కల్ని పీకి నల్ల సంచుల్లో కుక్కింది. అవన్నీ ఆమె నాటినవే. వాటిని అందరూ హేమ వరసలు అనేవారు. పీకుతుంటే ఏడుపొచ్చింది. ఒక్క చిటికెడు ఖైనీ మానుకోలేకపోయాడా దొంగసచ్చినోడు అని కసిగా తిట్టుకుంది కూడా.

*

బారిడీహ్‌లో ఇంటి సందు మొదట్లోకి వచ్చేసరికే చుట్ట వాసన తగిలింది. అత్త అసిరమ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. వెలిగించిన కొస నోటి లోపలికి పెట్టుకుని, కళ్లు సగం మూసి, ప్రపంచంతో పనిలేనట్టు ఉంటుంది ఆ కాసేపూ. ఆ సందులో ఉండే బిహారీ పిల్లలకి ఆవిడ నిప్పు మింగే నానీ, అంటే అమ్మమ్మ.

"వచ్చినావేటే? నా సుట్టలయిపోనాయి," అంది కోడల్ని చూస్తూనే. "పొద్దున్న గబగబా సుట్టీసి పోనావు. ఒకటైతే లాగుతుంటేనే ఊడిపోనాది."

"ఆటో ఎల్లిపోతాదని తొందరలో సుట్టినాను అత్తా. ఉండు, మొహం కడుక్కుని వత్తాను."

అసిరమ్మ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. కంచంలో అన్నం కలుపుకోగలదు గాని ఆకు చుట్టలేదు. కొన్న చుట్టలు ఆవిడకి గడ్డి. పలాస నుంచి వచ్చే చుట్టాలెవరో ఒకరు రైల్లో ఆకు కట్ట తెచ్చి పడేస్తే, దాన్ని తడిపి చుట్టే పని కోడలిది. హేమ పీట వాల్చుకుని కూర్చుంది. ఆకు మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక మోకాలి మీద పరిచి, ఈనె పట్టి చీల్చింది. ముక్కలు లోపల పేర్చి, పై ఆకు మెలితిప్పుతూ అరచేత్తో దొర్లించి, దారం కోసం చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బొటనవేలి గోరు కింద, చూపుడువేలి కొసన, గోధుమ రంగు మరక. రోజూ ఉండేదే.

రోజూ పొద్దున్న వంటయ్యాక, స్నానమయ్యాక, గుమ్మం దాటేముందు ఆఖరి పని ఇదే. అప్పుడు చుట్టి పెడితేనే సాయంత్రం దాకా ఆకు ఎండకుండా ఉంటుందని అత్త నియమం. తర్వాత ఉరుకులు పరుగుల మీద సాక్చి ఆటో, అక్కడినుంచి గమ్హరియా ఆటో. గేటు దగ్గర సబ్బు నీళ్లు ఉంటాయి. లోపలికెళ్తే నూలు పోగంత మొలకలు. వాటిని ఒక్కొక్కటే పైకి లేపి ట్రే గుంటల్లో నాటాలి. రబ్బరు తొడుగు వేసుకుంటే వేళ్లకి వేరు తెలీదు, తెగిపోతుంది. అందుకని హేమ తొడుగు తీసేసి ఒట్టి వేళ్లతో నాటేది. అవతలి బల్ల మీద రోహిణి తొడుగులతో, పట్టకారుతో నానా అవస్థా పడి ఒక ట్రే పూర్తిచేసేలోగా హేమ మూడు నింపి పక్కన పెట్టేది. సింధు వచ్చి చూసి, "నీ చేతిలో ఏదో ఉంది హేమక్కా," అని మెచ్చుకుని వెళ్లేది.

పనిలో చేరిన రోజు సింధు అందర్నీ అడిగింది, బీడీ, ఖైనీ, గుట్కా ఏమైనా అలవాటుందా అని. ఛీఛీ నాకెందుకు అంది హేమ. అబద్ధం కాదు. ఆమె ఎప్పుడూ పొగాకు నోట్లో పెట్టుకోలేదు. అత్తకి చుట్ట చుట్టడం అంటే అత్తకి కాళ్లు పట్టడం, తలకి నూనె రాయడం. దాన్ని పొగాకు అలవాటు అని ఎవరనుకుంటారు?

"ఏటే, పామేదో సూసినట్టు అలా ఒగ్గీసినావు?"

"ఏట్నేదు అత్తా."

మిగతావి చుట్టింది. చుట్టాక సబ్బుతో కడుక్కుంది. సున్నిపిండితో రుద్దింది. అన్నానికి కూర్చుని, లేచి వెళ్లి మళ్లీ కడుక్కుంది.  మధ్యాహ్నం తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

*

మర్నాడు మట్టి కలిపే గదిలో సింధు ఒంటరిగా దొరికింది.

"మేడమ్, మీతో ఒక మాట."

"బోలో అక్కా."

"మా అత్త చుట్ట తాగుతాది. రోజూ నానే చుడతాను. ఇక్కడికి బయల్దేరే ముందే."

సింధుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"రోజూనా?"

"రోజూ."

"నాటిందేమో గ్లవ్స్ లేకుండా."

"మీరూ చూశారు కదా మేడమ్..." అని హేమ నాలుక కరుచుకుంది. తప్పు ఇంకొకరి నెత్తికి పులమాలని కాదు ఆమె వచ్చింది. "మేనేజరు పెద్ద సార్‌కి చెప్పీద్దాం. లఖన్‌ని పిలిపించీమని చెప్పండి మేడమ్. పాపం ఆయన పైపు పట్టడం తప్ప ఆకు ముట్టుకోడు."

"ఆగు. రుకో. ముందు నిజమేనో కాదో చూడనీ. రేపు ఆ ఆకు ముక్క ఒకటి కవర్లో వేసి తీసుకురా. తెచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు."

ఆకు ముక్క తీసేటప్పుడు అసిరమ్మకి చెప్పక తప్పలేదు. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కోప్పడింది. "నా సుట్ట నా నోట్లో ఉంటే మీ మొక్కలకేటొచ్చినాదే? నాకు రాని రోగం ఆటికొచ్చినాదేటి?" అంది. తెగులు అంటకుండా ఇప్పుడు లోపలికెళ్లేవాళ్లందరూ చేతులు పాలలో ముంచి వెళ్లాలని సింధు గుమ్మం దగ్గర పళ్లెం పెట్టించిందని చెబితే మరీ ఆశ్చర్యపోయింది. "నాగులచవితికి పుట్టలో పోసీ పాలు మీ మొక్కలకీ పోత్తన్నారేటి? బాగుంది కాదేటి ఈ సదువులు."

సింధు చిన్న గదిలో రెండు కుండీలు పెట్టింది. అవి ఇంకో రకం పొగాకు మొక్కలు. మొహమాటం లేని రకం, తెగులు తగిలితే రెండు మూడు రోజుల్లోనే ఆకు మీద చుక్కలు పొడుస్తాయి అంది. హేమ తెచ్చిన ఆకు నీళ్లతో నూరి, ఆ రసం ఒకదాని ఆకుకి, లఖన్ డబ్బీలోని ఖైనీ రసం రెండోదాని ఆకుకి, సన్నటి గరుకు పొడితో కలిపి మెల్లిగా రుద్దింది. తలుపుకి తాళం వేసింది. తలుపుకి అద్దం ఉంది.

ఆ అద్దం హేమని కుదురుగా ఉండనివ్వలేదు. మొలకల పని నుంచి తప్పించి ఆమెని కుండీలు కడిగే పనిలో వేశారు, ఎందుకని ఎవరూ అడగలేదు. కుండీలు మోసుకెళ్తూ ఒకసారి, ఖాళీ బుట్టతో వస్తూ ఒకసారి, నీళ్లు తాగే వంకతో ఒకసారి ఆ అద్దంలోకి తొంగి చూసేది. ఏమీ ఉండేది కాదు. పచ్చటి ఆకులు, అంతే. రోహిణి, "అందులో నీ మొగుడున్నాడా?" అంది నవ్వుతూ. హేమ నవ్వలేకపోయింది. మనసులో ఒకటే కోరిక తిరుగుతోంది. ఖైనీ ఆకు మీద చుక్కలు రావాలి, నా ఆకు మీద రాకూడదు. వద్దనుకున్నా అదే వస్తోంది. ఒక మనిషికి చెడు జరగాలని ఇంత గట్టిగా కోరుకోవడం ఆమెకిదే మొదలు. ఇంత నీచురాలినా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఇంకోసారి వెళ్లి చూసింది.

లఖన్ పోయాక నీళ్ల పైపు వంతులేసుకుని పడుతున్నారు. ఎవరు పట్టినా ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. మిగిలిన రోహిణి ట్రేలలో కొన్ని వాడిపోయాయి, కొన్ని కుళ్లిపోయాయి. లఖన్ అయితే ట్రేని ఒక పక్క ఎత్తి బరువు చూసి మరీ పట్టేవాడు. ఈ మొక్క పాములు తిరిగే మా ఊరి మందు అనేవాడు, తనే కనిపెట్టినంత గొప్పగా. అలా అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. హేమ కూడా నవ్వేది.

శనివారం సింధు చెయ్యి ఊపి పిలిచింది. రెండు ఆకుల మీదా చుక్కలు పొడిచాయి. సూదితో కాల్చినట్టు గోధుమ రంగు చుక్కలు, దీని మీదా దాని మీదా.

"దేఖో, ఖైనీలోనూ ఉంది," అంది సింధు. ఆ గొంతులో దాచుకోలేని తేలికదనం. "రెండింట్లోనూ ఉన్నప్పుడు ఎవరివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? నువ్వింక మనసులోంచి తీసెయ్ అక్కా."

హేమకీ ఒక్క క్షణం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఆ హాయి ఆమెకి సరిపోయేదే. కాని ఆ గదిలో ఇద్దరూ తలలు దించుకునే ఉన్నారు. సింధే మళ్లీ అంది.

"రోహిణి నాటిన ట్రేలకి తెగులు రాలేదు. వాటికీ లఖనే నీళ్లు పట్టాడు. నాకు తెలీదనుకున్నావా? మొదటిరోజే తెలుసు, ఎందుకో తెలీలేదంతే."

"మరి చెప్పీద్దాం మేడమ్."

"చెబితే ఏమవుతుందో విను. పైవాళ్లు ఒక పేరు అడిగారు, సార్ ఒక పేరు ఇచ్చేశారు. ఆ పేరు తీస్తే ఇంకో పేరు పెట్టాలి. నీ పేరు పెడితే దాని కిందే నా పేరు. గ్లవ్స్ లేకుండా నాటనిచ్చింది నేనే కదా." సింధు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సోమవారం పొద్దున్న అతని ప్లేసులో కొత్త మనిషి వస్తున్నాడు. అయిపోయింది. ఛోడ్ దో, వదిలెయ్ అక్కా. నువ్వు మళ్లీ సీడ్లింగ్స్ దగ్గరికి వచ్చెయ్. పాలు ఉన్నాయి, గ్లవ్స్ వేసుకో. నీలా నాటేవాళ్లు నాకు దొరకరు."

ఆ చివరి మాటకి హేమ లొంగిపోయింది. ఇంతకుముందు ఎన్నో చోట్ల పనిచేసింది. ఎక్కడా ఆమె చేసిన పనికి ఆమె పేరు పెట్టలేదు. ఇక్కడొక్కచోటే హేమ వరసలు. అవి పోతే మళ్లీ ఏయ్ ఎవరక్కడ అని పిలిపించుకునే పనే.

*

సాయంత్రం ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండటం లేదు. బియ్యం ఏరిన చేటలోనే పప్పు పోసింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మొగుడు సత్యప్రసాద్ అంతా విని, డ్యూటీకి వెళ్తూ, "ఆ మేడమ్ సెప్పినట్టు ఇను. ఇప్పుడు ఊరుకుంటే అందరికీ మంచిది," అనేసి వెళ్లిపోయాడు. మొగుడి మాట సబబుగానే ఉంది. ఇంతమంది ఇన్ని సబబైన మాటలు చెబుతుంటే తనకెందుకు కుదురు చిక్కదో హేమకి అర్థం కాలేదు.

అసిరమ్మ అరుగు మీదనుంచే అంతా చూసింది. చుట్ట తీసి పక్కన పెట్టింది.

"ఒలే, ఆ కొలువు పోనోడికి పిల్లలున్నారేటి?"

"ఉన్నారత్తా. పెద్దోళ్లే."

"నా పొగ మూలాన ఎవుడి కూడో పోనాదంటే నాకు మింగుడుపడదే. ఎల్లు. ఆడింటికెల్లి ఆడితోటి సెప్పీసి రా. ఆడికొక్కడికే సెప్పు. ఆపీసోల్లకి సెప్పకు. నీ గుండె బరువు దిగుతాది, కొలువూ ఉంటాది."

ఇది హేమకి నచ్చింది. ఒక్క మనిషికి, చెవిలో చెప్పినట్టు చెప్పెయ్యడం. అతను తిడితే పడటం. కొడితే, అదీ పడటమే. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది.

*

ఆదివారం గమ్హరియా దాటాక ఇంకో ఆటో ఎక్కి, దిగి, పొలాల మధ్య నడిచింది. మబ్బు కమ్ముకుని ఉంది, చినుకు పడలేదు. అలికి రంగులద్దిన మట్టి గోడల ఇళ్లు. లఖన్ హెంబ్రమ్ ఇల్లేదని అడిగితే ఒకావిడ నోటితో చెప్పకుండా గడ్డంతో చూపించింది. లఖన్ కప్పు మీద కూర్చుని వానలకి ముందు పెంకులు సర్దుతున్నాడు. కింద నుంచి భార్య ఒక్కొక్క పెంకే అందిస్తోంది.

హేమని చూసి దిగొచ్చాడు. మంచం వాల్చాడు. భార్య లోటాతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆ మర్యాదకి హేమకి ఇంకా సిగ్గేసింది. నీళ్లు తాగకుండానే మొదలుపెట్టింది. ఆమె హిందీ బజారు హిందీ, కూరలు బేరమాడటానికి పనికొచ్చేది. దానితోనే చెప్పింది. అత్త చుట్ట, పొద్దున్నే చుట్టడం, ఒట్టి వేళ్లతో నాటడం, రోహిణి ట్రేలకి రాకపోవడం, అన్నీ. చెబుతున్నంతసేపూ లఖన్ తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"అంటే నా చేత్తో కాలేదా దీదీ?" అన్నాడు ఆఖరికి.

"కాదు."

"సచ్చీ? నా చేత్తో కాలేదా?"

"కాదు లఖన్ దా," అంది, వాళ్ల తీరులో అన్నా అని పిలుస్తూ. "నా చేత్తో."

అతను తిట్టలేదు. ఉద్యోగం మాటే ఎత్తలేదు. భార్య వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆవిడ చేతిలో పెంకు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ రోజు నుంచీ ఇదే ఆలోచన దీదీ," అన్నాడు లఖన్. "ఏ రోజు సరిగా కడుక్కోలేదో, ఏ గోట్లో ఉండిపోయిందో. కడుక్కున్నాననే గుర్తు. అయినా అంత చదివినవాళ్లు అన్నారంటే నేనే చేసుంటాను కదా. ఖైనీ ముట్టడం మానేశాను. మానేస్తే మాత్రం ఆ మొక్కలు లేచి వస్తాయా? నేనే చంపానని కూర్చున్నాను." ఊరి వైపు చెయ్యి చూపించాడు. "ఊరంతా చెప్పుకున్నాను, మన మందు నేను పెంచుతున్నానని. ఇప్పుడు బావి దగ్గర ఆడవాళ్లు కూడా అంటున్నారు, ఖైనీ ఉమ్మేసి మందు చంపినవాడని."

 ఇతని కొలువు పోయిందనే హేమ ఇన్ని రోజులూ కుమిలింది. ఇతను మోస్తున్నది ఇంకోటని ఊహకైనా తట్టలేదు.

లఖన్ లేచి నిలబడ్డాడు. "పదండి దీదీ. మా వాళ్లకి చెబుదురుగాని."

"మీకు చెప్పాను కదా లఖన్ దా. మీరు చెప్పుకోండి."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే హేమ ఏదో ఒకటి అని బయటపడేది. ఈ ఊరివాళ్లు చాలామంది గమ్హరియా ఫ్యాక్టరీల్లోనే పని చేస్తారు. గ్రీన్‌హౌస్ గేటు ముందునుంచే సైకిళ్ల మీద వెళ్తారు. ఇక్కడ నలుగురిలో అన్నమాట రేపు పొద్దున్నకి మేనేజరు చెవిలో ఉంటుంది. అది ఆమెకి తెలుసు. లఖన్‌కి తెలుసో లేదో. అతను అప్పటికే వాకిలి దాటి, ఆమె వస్తుందా రాదా అని ఆగి చూస్తున్నాడు.

హేమ లోటాలో నీళ్లు గటగటా తాగి లేచింది.

చేతిపంపు దగ్గర జనం పోగవడానికి ఎంతోసేపు పట్టలేదు. కొందరు నీళ్ల బిందెలతోనే నిలబడ్డారు. లఖన్ పక్కకి తప్పుకుని ఆమెకి చోటిచ్చాడు. ఇంతమంది ముందు హేమ జన్మలో మాట్లాడలేదు. 

"లఖన్ దా తప్పేం లేదు," అంది. ఎవరికీ వినపడలేదని గొంతు పెంచింది. "తంబాకూ నా చేతికి ఉంది. మా ఇంట్లోది. నేను చూసుకోలేదు. నేను ముట్టుకున్న మొక్కలే పోయాయి. ఆయన నీళ్లు పట్టినవి బాగున్నాయి. ఆయన ఏమీ చెయ్యలేదు."

గుంపులోంచి ఒకతను, బహుశా ఫ్యాక్టరీలో పనిచేసేవాడే, ప్యాంటూ చొక్కా వేసుకున్నాడు, అడిగాడు. "ఈ మాట కంపెనీలో చెప్పావా? ఇక్కడికొచ్చి చెబితే మాకేం లాభం?"

"రేపు చెబుతాను," అంది హేమ.

అనేశాక గాని ఏమందో ఆమెకి తెలీలేదు. సింధు మొహం కళ్లముందు మెదిలింది. పాపం ఆ పిల్ల అనుకుంది. అయినా నోటినుంచి వచ్చిన మాట వెనక్కి పిలవాలనిపించలేదు. "పెద్ద సార్‌కే చెబుతాను. కొత్త మనిషి రాకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడతాను," అని ఇంకా గట్టిగా అంది.

జనంలో గుసగుసలు లేచాయి. లఖన్ తల పైకెత్తి ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. అప్పుడు వెనకనుంచి ఒక ముసలావిడ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడ లఖన్‌కి పిన్నమ్మ వరస. కిందటి వానాకాలం ఆవిడ కోడలు నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. ఆస్పత్రికి చేరేలోగా దారిలోనే పోయింది. ఆ సంగతి లఖన్ అప్పట్లో పనిలో అందరికీ చెప్పాడు. అందరూ అయ్యో అని మళ్లీ పనిలో పడిపోయారు. ఆవిడ ఇప్పుడు హేమకి ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందని హేమ తల వంచుకుంది.

"మళ్లీ ఎప్పుడు వేస్తారు?" అంది ముసలావిడ.

హేమ తలెత్తింది. ఆవిడ మొహంలో కోపం లేదు. జవాబు కోసం చూస్తోందంతే.

"రేపో ఎల్లుండో విత్తనం వేస్తారు పిన్నీ. కాని అది మనుషులకి ఎక్కించే మందు ఇంకా కాలేదు. ఎలుకలకి ఇచ్చి చూడాలి. ఏళ్లు పడుతుందంట."

"వేసేది నువ్వేనా?"

హేమ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.  "కాదు పిన్నీ. ఈసారి లఖన్ దా వేస్తాడు."

 ముసలావిడ లఖన్ వైపు తిరిగింది.

"ఏళ్లు పడుతుందంటే మరీ తొందరగా వెయ్యాలి కదరా," అంది.